లిస్టు కింద సంతకం

1953 సెప్టెంబరు 7, సోమవారం

కోదండపాణి ఇవాళ ఆఫీసుకు రాలేదు.

డైరీలో రాసుకోవాల్సినంత సంగతా ఇది? కాదు. కానీ నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా లీవు పెట్టని మనిషి, చీటీ ముక్క కూడా పంపకుండా మానేశాడు.

ఆయన మా ఎనామిల్ ఫ్యాక్టరీకి లేబర్ వెల్ఫేర్ ఆఫీసరు. నేను అదే ఆఫీసులో హెడ్ క్లార్కును. నలభై తొమ్మిదిలో ఆ పోస్టు కొత్తగా పెట్టినప్పుడు అది నాకే వస్తుందని తొండియార్‌పేట అంతా అనుకుంది. కనీసం నేను అనుకున్నాను. అప్పటికే పద్నాలుగేళ్ళ సర్వీసు నాది. కంపెనీ వాళ్ళు బెజవాడ నుంచి ఒక బి.ఏ.ను తెచ్చి కూర్చోబెట్టారు. నాకంటే ఆరేళ్ళు చిన్న. వచ్చినప్పుడు అరవం ఒక్క ముక్క రాదు. ఏడాది తిరిగేసరికి కొలిమి దగ్గరి వాళ్ళతో అరవంలో పరాచికాలాడుతున్నాడు. మేము ఐదు తరాలుగా ఈ మద్రాసులోనే ఉన్నాం. నాతో ఎవడూ పరాచికాలాడడు.

తొమ్మిది నుంచి పన్నెండు లోపల పదకొండు మంది తలుపులోంచి తల పెట్టి ఒకే ప్రశ్న వేశారు. పాణి సారు రాలేదా? నేనున్నాను కదా, ఏం కావాలి అన్నాను. ఏం లేదు సార్, ఊరికే అని వెళ్ళిపోయారు. పదకొండు మందీ.

పూల సెక్షన్ చెంగమ్మ కూడా వచ్చింది. పళ్ళేల మీద, బేసిన్ల మీద కుంచెతో పూలు వేసే ఆడవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళందరికీ ఆమె పెద్ద. కొంగులో జామకాయలు కట్టుకుని వచ్చింది. ఖాళీ కుర్చీ చూసింది. కొంగు మళ్ళీ ముడేసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒక కాయ ఇస్తే ఆమె సొమ్మేం పోయింది?

సెప్టెంబరు 8

ఇవాళా రాలేదు. ఆయన బల్ల మీద దుమ్ము తుడిపించాను. ఎందుకు తుడిపించానో నాకే తెలియదు.

సెప్టెంబరు 9, బుధవారం

పదకొండు గంటలకు వర్క్స్ మేనేజరు వరదరాజులు నాయుడు పిలిచారు. కూర్చోమనలేదు. కోదండపాణి రిజైన్ చేసినాడయ్యా, శనివారం సాయంత్రమే కాగితం నా బల్ల మీద పెట్టి పోయినాడు అన్నారు. కవరు ఒకటి నా చేతికిచ్చి, దీన్ని కాన్ఫిడెన్షియల్ ఫైల్లో పెట్టి తాళం వెయ్యి, లోపల ఉండే సంగతి ఆడా ఈడా చెప్పబాకు అన్నారు. ఆ తర్వాత, తల ఎత్తకుండానే, రేపటి నుంచి ఆ కుర్చీలో నువ్వు యాక్టింగ్ అన్నారు.

నాలుగేళ్ళుగా వినాలనుకున్న మాట అది. ఒక క్షణం కాళ్ళు భూమి మీద లేవు. ఆ తర్వాత వరండాలో నిలబడి కవరు విప్పాను.

రెండు పేజీలు, స్వయంగా రాసింది. సంగతి ఇది. విదేశం నుంచి స్ప్రే మిషన్లు వస్తున్నాయి. పూలు ఇక మిషనే వేస్తుంది. కనుక పూల సెక్షన్ ఆడవాళ్ళను ముప్ఫై ఎనిమిది మందినీ తీసేయాలని కంపెనీ లిస్టు తయారు చేసింది. లేబర్ ఆఫీసరుగా దాని మీద కోదండపాణి సంతకం పెట్టాలి. 'మిషన్లు వచ్చినా ఒక్కరి పని కూడా పోదని కంపెనీ చెప్పమంటేనే నేను వాళ్ళకు మాట ఇచ్చాను. ఈ చేత్తో ఈ లిస్టు మీద సంతకం పెట్టలేను. సెలవు' అని ముగించాడు.

చదవగానే నాకు కలిగిన మొదటి ఆలోచన ఆ ఆడవాళ్ళ గురించి కాదు. వీడి ఇంగ్లీషు ఎంత బాగుంది అనుకున్నాను. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉన్నాయి. రెండో ఆలోచన, వెళ్ళిపోవడంలో కూడా నాకంటే ఒక మెట్టు పైనే నిలబడ్డాడు అని.

కవరు బీరువాలో పెట్టి తాళం వేశాను.

సెప్టెంబరు 10

'సొంత కారణాల వల్ల రాజీనామా' అని బోర్డు మీద నోటీసు అంటించారు. దాన్ని ఒక్కడూ నమ్మలేదు.

టైపిస్టు పంకజం మధ్యాహ్నం దాకా కర్చీఫ్ ముక్కుకు ఆనించుకునే టైపు చేసింది. కొత్త ఆంధ్ర రాష్ట్రం వచ్చే నెల మొదటి తేదీన వస్తోంది గదా, కర్నూలు సెక్రటేరియట్‌లో పెద్ద ఉద్యోగమిచ్చి తీసుకుపోయినారు అని ఆమె ఖాయం చేసింది. ఫిట్టర్లేమో కోడంబాకంలో సినిమావాళ్ళు పిలిచారంటున్నారు, గొంతు అంత బాగుంటుంది కాబట్టి తండ్రి వేషం ఇచ్చి ఉంటారట. క్యాంటీన్ వంటవాడి లెక్కలో ఆయన తిరువణ్ణామలై పోయి సన్యాసం పుచ్చుకున్నాడు.

ఒక్కరు కూడా ఆయన్ని చిన్న చోటికి పంపలేదు. నేను వెళ్ళిపోతే పక్కనున్న పెరంబూరు కూడా దాటించరు.

యాక్టింగ్ ఆఫీసరు వచ్చాడన్న సంగతి నోటీసులో రెండో వాక్యం. దాని గురించి నన్ను అడిగినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ, అయితే పాణి సారు నిజంగానే రారా అని అడిగారు.

ఇంటికి రాగానే తాయారుకు చెప్పాను. కోదండపాణి వెళ్ళిపోయాడు, నన్ను యాక్టింగ్ వేశారు అని రెండూ ఒకే ఊపిరిలో చెప్పాను. సాంబారు గరిటె చేతిలోనే ఆగిపోయింది. "అయ్యయ్యో, మన ఇందిరకి స్కూల్లో సీటు ఇప్పించింది ఆయనే గదా! ఏం కష్టమొచ్చిందో, పావం. ఒకసారి పోయి చూసి రాగూడదా?" అంది. కాసేపటికి గుర్తొచ్చినట్టు, "శరి, మీకు మంచిదే గదా" అంది.

ఆ 'శరి' మింగుడు పడలేదు. అన్నం కూడా.

సెప్టెంబరు 12, శనివారం

నాయుడుగారు లిస్టు ఇచ్చారు. మూడు కాపీలు. కింద ఖాళీ.

నీకు కుదరకపోతే చెప్పు, బయట నుంచి ఎవురినైనా తెచ్చుకుంటాం అన్నారు. మెల్లగానే అన్నారు. భయపడి సంతకం పెట్టానని ఇక్కడ రాసుకోవచ్చు. అలా రాస్తే ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. నేను భయపడలేదు. ముందుగా బ్లాటింగ్ కాగితం మీద రెండుసార్లు రాసి చూసుకున్నాను. సి. జనార్దనం, లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్, బ్రాకెట్లో యాక్టింగ్. చూడ్డానికి బాగుంది. ఆయన పెట్టలేని సంతకం నేను పెట్టగలను అనుకుంటే ఇంకా బాగుంది. మూడు కాపీల మీదా పెట్టాను.

పేర్లు ఆ తర్వాత చదివాను. మొదటి పేరు చెంగమ్మ. ఇరవై మూడో తేదీ వాళ్ళకు ఆఖరి రోజు.

సెప్టెంబరు 13

ఆదివారం. తాయారు నా ప్రమోషన్‌కు వడలు చేసింది. రెండే తిన్నాను.

సెప్టెంబరు 14, సోమవారం

ఎనిమిది గంటలకు లిస్టు బోర్డుకెక్కింది. ఎనిమిదింపావుకు పూల సెక్షన్ నా గుమ్మంలో ఉంది. ఏడుపులు, కేకలు ఉంటాయని సిద్ధపడ్డాను. ఏమీ లేదు. చేతులకు నీలం రంగు, ఎర్ర రంగు అలాగే ఉన్నాయి. కడుక్కోకుండా వచ్చారు.

చెంగమ్మ ఒక్కతే లోపలికొచ్చింది. ఆమెకు చదువు రాదు. పేర్లు పంకజం చదివి చెప్పిందట. పేర్ల వరకే చదివినట్టుంది.

"ఎవురు సార్ ఈ లిస్టు రాసింది?" అంది.

నేను రాశానని చెప్పాలా? రాసింది కంపెనీ. సంతకం నాది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆమె అప్పటికే నా వైపు చూడ్డం లేదు. పక్కన ఆయన బల్ల వైపు చూస్తోంది. ఈ సంకటంలో కూడా అక్కడే వెతుక్కుంటోంది.

"నేను చార్జి తీసుకునేటప్పటికే లిస్టు తయారై ఉందమ్మా" అన్నాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో.

ఆమె మెల్లగా, "అంటే, పాణి సారే..." అంది. నేను ఫైళ్ళు సర్దడం మొదలుపెట్టాను. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

ఆమె బయటికెళ్ళి ఆడవాళ్ళతో ఏదో చెప్పింది. అప్పుడు మొదలైంది ఏడుపు.

సెప్టెంబరు 16, బుధవారం

రెండు రోజుల్లో కథ తయారైపోయింది. లిస్టు రాసింది కోదండపాణే, మొహం చూపించలేక పారిపోయాడు. సినిమా వేషం పోయింది, సన్యాసం పోయింది, కర్నూలు మాత్రం మిగిలింది. అదీ ఇప్పుడు మమ్మల్ని అమ్ముకుని సంపాదించుకున్న ఉద్యోగంగా మారింది. పంకజం కర్చీఫ్ మడిచి సొరుగులో పెట్టేసింది.

పోయిన ఏడాది పూల సెక్షన్ వాళ్ళు ఒక పెద్ద పళ్ళెం మీద ఆయన పేరు తెలుగులో వేసి, చుట్టూ సన్నజాజుల తీగ వేసి, కొలిమిలో కాల్పించి క్యాంటీన్ గోడకు తగిలించారు. నేను ఏడాదిగా ఆ గోడకు వీపు పెట్టుకుని కాఫీ తాగుతున్నాను. ఇవాళ చెంగమ్మ స్టూలెక్కి ఆ పళ్ళెం దించింది. పగిలిన సరుకు వేసే డ్రమ్ములో పడేసింది. పెద్ద చప్పుడైంది.

కడుపులో చల్లగా అనిపించింది. నిజం రాస్తున్నాను. ఆ చప్పుడు ఇంకోసారి వినాలనిపించింది.

అది మధ్యాహ్నం దాకానే. భోజనాల వేళ ఆడవాళ్ళు గోడ నీడన కూర్చున్నారు. టిఫిన్ క్యారియర్లు తెరవలేదు. చెంగమ్మ తల పట్టుకుని, 'సొంత తమ్ముడి మాదిరి చూసుకుంటిని గదరా, నీకు చేతులెట్టా వచ్చినాయిరా' అని, లేని మనిషితో మాట్లాడుతోంది. మిగతావాళ్ళు ఆమె భుజం మీద పడి ఏడుస్తున్నారు. ఉద్యోగాలు పోయినందుకు అంత ఏడవలేదు వాళ్ళు. ఆయన మోసం చేశాడని ఏడుస్తున్నారు.

ప్రేమంతా ఆయనకే ఇచ్చారు సరే. కోపం కూడా ఆయనకేనా?

బోర్డు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా సంతకం అక్కడే ఉంది, నీలం ఇంకుతో, ఎవడైనా చదవగలిగేంత స్పష్టంగా. మూడు రోజులుగా నాలుగు వందల మంది ఆ కాగితం ముందు నిలబడ్డారు. ఒక్కరి కన్ను కిందికి దిగలేదు. కొలిమి మేస్త్రీ ఒకడు నా పక్కన ఆగాడు. "ఏమి సార్, ఈ పాపమంతా మీ నెత్తిన పడేసి పోయినాడే ఆ మహానుభావుడు" అని నన్ను ఓదార్చాడు.

సెప్టెంబరు 18

ఫస్ట్ ఎయిడ్ బీరువా తాళంచెవి కోదండపాణి దగ్గరే ఉండిపోయిందట. మనిషిని పంపమన్నారు నాయుడుగారు. నేనే వెళ్ళి తెస్తానన్నాను. బాకీ జీతం కోసం ఆయన రాసి పంపిన చిరునామా ఫైల్లో ఉంది. కర్నూలు కాదు, మాధవరం.

ఎందుకు వెళ్తున్నానంటే, అతను చితికిపోయి ఉంటే చూడాలని. తాయారుకు మాత్రం ఆమె చెప్పినందుకే వెళ్తున్నానని చెప్పాను.

సెప్టెంబరు 20, ఆదివారం

ట్రాములు తీసేసినప్పటి నుంచి వాషర్‌మెన్‌పేటలో బస్సు దొరకడం గగనమైపోయింది. మాధవరం చేరేటప్పటికి పది. రోడ్డు దిగి తోటల మధ్య మైలు దూరం నడవాలి. ఒక రైతు ఇంటి వెనక భాగం అద్దెకు తీసుకున్నాడు. భార్యను బెజవాడ పంపేశాడట.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. చొక్కా నలిగి ఉంది. అలా చూడాలనే కదా వచ్చింది. చూశాను.

ఎలా ఉన్నారని అడగలేదు ఆయన. "చెంగమ్మ ఎలా ఉందండీ?" అన్నాడు.

బాగానే ఉంది అన్నాను.

మంచినీళ్ళిచ్చి చాప వేశాడు. ఆపైన తనంతట తానే మొదలుపెట్టాడు. "అందరూ నేను కంపెనీ మీద కోపంతో వచ్చేశాననుకుంటూ ఉంటారు. కాదండీ. సంతకం పెట్టననడానికి అర నిమిషం పట్టింది. అది సులువు. సోమవారం పొద్దున్నే వాళ్ళ ఎదట నిలబడి, అమ్మా నేనిచ్చిన మాట ఉత్తదైపోయింది అని చెప్పాలి కదా, అది నావల్ల కాలేదు. శనివారం గేటు దగ్గర చెంగమ్మ ఆగి, మా ఇంటి చెట్టు జామకాయలు సోమవారం తెస్తా సారూ అంది. అప్పటికి కాగితం ఇచ్చేసి బయటికొస్తున్నాను నేను. సరేనమ్మా అన్నాను. ఇంటికెళ్ళి సామాను కట్టేశాను. పారిపోయానండీ. పిరికివాణ్ణి."

ఏడుస్తున్నాడు. మగవాడు అంత దాపరికం లేకుండా ఏడవడం నేను చూడలేదు. ఏడవడం కూడా నాకంటే బాగా చేతనవును ఇతనికి అనిపించింది. అంతలోనే నా మీద నాకే రోత పుట్టింది.

"నన్ను తిట్టుకుంటున్నారా?" అని అడిగాడు.

"లేదు. తలుచుకుంటున్నారు" అన్నాను.

"మీరున్నారు కాబట్టి నాకు కొంచెం ధైర్యమండీ. ఇరవై ఏళ్ళుగా ఉన్నవారు. ఆ లిస్టు మీద మీరు మాత్రం సంతకం పెట్టి ఉండరు కదా" అన్నాడు.

అడగలేదు. నమ్మకంగా అన్నాడు. తాళంచెవి తీసుకుని లేచాను. తోటల్లోంచి వస్తుంటే బస్సు కనపడింది. చెయ్యెత్తలేదు. మూలక్కడై దాకా నడిచాను.

సెప్టెంబరు 21

నాలుగేళ్ళుగా కుళ్ళుకుంది ఒక పిరికివాణ్ణి చూసి. ఆ సంగతి తెలిశాక కుళ్ళు పోవాలి. పోలేదు.

సెప్టెంబరు 23, బుధవారం

పొద్దున బీరువా తెరిచి ఆ ఉత్తరం తీసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఏం చేయాలని పెట్టుకున్నానో అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం ఐదింటికి గేటు ముందు మీటింగు. యూనియన్ సెక్రటరీ మాదయ్య డ్రమ్ము ఎక్కి మాట్లాడాడు. కంపెనీని ఐదు నిమిషాలు తిట్టాడు, కోదండపాణిని పదిహేను నిమిషాలు. ఇంటి దొంగ అన్నాడు. ఆ మనిషి మళ్ళీ తొండియార్‌పేటలో అడుగు పెడితే చెప్పుల దండ సిద్ధంగా ఉంచుతామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కొట్టలేదు. తలలు వంచుకుని నిలబడ్డారు, చెప్పుల దండ వాళ్ళ మెడలోనే పడ్డట్టు.

నేను గేటు లోపల ఉన్నాను. ఇంటికెళ్ళిపోవచ్చు. ఈ రోజు గడిస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఆ నిమిషంలో నాకు తోచింది రాస్తాను. మంచి బుద్ధి పుట్టి కాదు. ఇన్ని చప్పట్లూ, ఇన్ని తిట్లూ, ఇన్ని కన్నీళ్ళూ అన్నీ ఆయన పేరు మీదే. చేసినవాణ్ణి నేను. ఆ పాపం కూడా ఆయన ఖాతాలో పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఆగండి అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి ఉత్తరం తీశాను. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. మాదయ్య అరవంలో చెప్పాడు. 'ఈ చేత్తో ఈ లిస్టు మీద సంతకం పెట్టలేను' అన్న మాట మాదయ్య రెండుసార్లు చెప్పాడు. ఒక ఆడమనిషి చెంపలేసుకుంది. తర్వాత అందరూ వేసుకున్నారు. పాణి సారూ అని ఒక కేక. ఆ కేక పట్టుకుని నాలుగు వందల మంది. ఐదు నిమిషాల క్రితం చెప్పుల దండ అన్నవాళ్ళే.

ఆయన భయపడి పారిపోయానని ఏడ్చిన సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, ఆ కేక చల్లారిపోతుంది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించలేదు. అది ఒక్కటి మాత్రం చెప్పలేదు.

అప్పుడు చెంగమ్మ ముందుకొచ్చింది.

"అయితే ఆ లిస్టు కింద సంతకం ఎవురిది?"

"నాది."

"మొన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు సార్?" అంది. ఆ 'సార్' ఇంకా ఉంది.

"మీరు ప్రతిదానికీ ఆయన్నే అడుగుతుంటే ఓర్వలేకపోయాను" అన్నాను.

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూడడం ఇదే మొదలు. కోపంగా కాదు. ఎప్పుడూ చూడని పురుగును చూసినట్టు. "దీనికా? ఇంతకా నువ్వు..." అంది. మాట పూర్తి చేయలేదు. జనం రెండుగా చీలి నాకు దారి ఇచ్చారు. ఎవరూ నన్ను తాకలేదు.

సెప్టెంబరు 24

నాయుడుగారు కాన్ఫిడెన్షియల్ బీరువా తాళాలు తీసుకున్నారు. డిస్మిస్ చేస్తే యూనియన్ చేతికి ఇంకో ఆయుధమిచ్చినట్టవుతుందట. అందుకని స్టోర్సు గోడౌనుకు పంపారు, మామూలు క్లార్కుగా.

తాయారుకు అన్నీ చెప్పాను. లిస్టు, మాధవరం, గేటు. ఆమె అన్నం పెడుతూ విన్నది. "యాక్టింగ్ అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయింది అన్నాను. "శరి. తినండి" అంది. కాసేపటికి, నా వైపు తిరక్కుండా, "ఆయనకి ఉండేది నాకు లేదే అని నేను ఏనాడన్నా అన్నానా మిమ్మల్ని?" అంది.

అనలేదు.

అక్టోబరు 1

ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. తెలుగు గుమాస్తాలు సగం మంది మిఠాయిలు పంచారు, సగం మంది తీసుకోలేదు. నా గోడౌనుకు ఎవరూ రాలేదు.

అక్టోబరు 6, మంగళవారం

సర్కారు లేబర్ ఆఫీసులో మీటింగు. మాదయ్య మాధవరం వెళ్ళి కోదండపాణిని సాక్ష్యానికి తీసుకొచ్చాడు. నన్ను కూడా పిలిచారు. చూసింది చూసినట్టు చెప్పాను, రాసుకున్నారు.

బయట వరండాలో ఆడవాళ్ళు ఆయన చుట్టూ మూగారు. ఆయన చేతులు జోడించి, నేను గొప్పవాణ్ణి కాదమ్మా, మీకు మొహం చూపించలేక పారిపోయాను, భయపడ్డాను అని అందరి ముందూ చెప్పేశాడు. నేను కష్టపడి దాచిన మాట. చెంగమ్మ ఆయన తల మీద చెయ్యి వేసి, "ఒక మాట చెప్పి పోయుంటే మేమే నీకు ధైర్యం చెప్పుందుము గదా నాయనా" అంది.

అంతే. అయిపోయింది. ఆయన తప్పు చెబితే ఆయన ఇంకా దగ్గరివాడైపోయాడు. నేను తప్పు చెబితే నాకు దారి ఇచ్చారు.

నన్ను చూసి ఆయన వచ్చాడు. లిస్టు సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఏమంటాడో అని చూశాను. "మాధవరంలోనే చెప్పి ఉండాల్సిందండీ. అంత దూరం నడిచి వెళ్ళారట, ఇల్లు అద్దెకిచ్చిన రైతు చూశాడు" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

అక్టోబరు 19, సోమవారం

తీర్పు లాంటిదే, రాజీ అంటున్నారు. ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవై రెండు మందిని మిషను సెక్షన్‌లోకి తీసుకుంటారు. పదహారు మందిని తీసుకోరు. నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళు వాళ్ళు. చెంగమ్మ పదహారు మందిలో ఉంది.

ఆ ఉత్తరం లేకపోతే ఇరవై రెండు మంది కూడా ఉండేవాళ్ళు కాదని మాదయ్య ఎవరితోనో అంటుంటే విన్నాను. ఉత్తరం అన్నాడు. చదివినవాడి మాట రాలేదు. సరే.

కోదండపాణి బెజవాడ వెళ్ళిపోయాడు. ఏదో హైస్కూల్లో మేష్టరు పనట. స్టేషనుకు అరవై మంది వెళ్ళారు. నేను లెక్కపెట్టలేదు. పంకజం చెప్పింది.

అక్టోబరు 23

చెంగమ్మ గేటుకు ఎదురుగా రోడ్డవతల ఇడ్లీల పొయ్యి పెట్టింది. రోజూ ఆ వైపు నుంచే వెళ్ళాలి నేను. తల వంచుకుని వెళ్తున్నాను. ఆమె చూడడం లేదు.

అక్టోబరు 26, సోమవారం, ఉదయం 8

చెంగమ్మ ఇవాళ, ఇన్నేళ్ళలో మొదటిసారి, నన్ను పేరు పెట్టి తిట్టింది. "ఓరేయ్ జనార్దనం" అని మొదలుపెట్టి, మా తాత దాకా వెళ్ళింది. వీధంతా ఆగి చూసింది. నేను కూడా ఆగాను. చివరి మాట దాకా నిలబడి విన్నాను.